దారువు, భారము, కాలము

మహారాష్ట్రమున లోణావళకు సమీపమునగల కార్లే కొండలో, ఇంచుమించు రెండువేల యేండ్లక్రిందట బౌద్ధభిక్షువుల కొఱకు తొలిచిన చైత్యశాల యొకటి కలదు. యాత్రికుడు లోనికి పోయి తలయెత్తి చూచినచో, రాతికప్పు క్రింద వంపు తిరిగిన టేకు వాసములు వరుసగా కనబడును. అవి శాలను తొలిచిన కాలపువే. రాజ్యములెన్నియో మారినవి, ఆ కొయ్యలు మాత్రము అమర్చిన వంపులోనే నిలిచియున్నవి. ఇందుకు టేకుజాతి గొప్పదనమొక్కటే కారణము కాదు. ఆ వాసములు పైకప్పును మోయుటలేదు. పైనున్నది కొండ, కొండకు వాసముల యవసరములేదు. అంతకు ముందటి కొయ్యమందిరముల రూపమును నిలుపుకొనుటకై శిల్పులు వానిని అచట అమర్చిరి. వాన తగులని చోట, తన బరువు తప్ప మఱియే బరువును లేక, ఆ దారువు ఇరువది శతాబ్దులను గడపినది.

ఇందుకు భిన్నమైన దృశ్యము మన యిండ్లలోనే కలదు. పాతమిద్దెలో వెల్లకిల పండుకొని కప్పు వంక చూచినవానికి, దూలము నడుమ కొంచెము క్రుంగినట్లు కనబడును. వడ్రంగి దానిని ఎత్తిన దినమున దారము పట్టి చూచి తిన్నగానే నిలిపెను. దానికి చెదపట్టలేదు, అది పుచ్చలేదు, పగులలేదు. పైబరువు కూడ పెరుగలేదు. ఐనను వంగెను. మొదటి యేట కొంత, పదియేండ్లలో మఱికొంత, మనుమల నాటికి ఇంకను కొంత. బరువు మారక వంపు మాత్రము పెరుగుటకు హేతువేమి? అదనముగా చేరినది కాలమొక్కటే. కొయ్య విషయమున కాలము కూడ ఒక భారమని యెంచవలెను. ఈ సంగతిని పనివారు తమ చేతులతో ఎట్లు గ్రహించిరో, శాస్త్రజ్ఞులు తూనికలతో ఎట్లు నిర్ణయించిరో, తెలిసిన దానిని మనము ఎట్లు విస్మరించుచున్నామో చెప్పుట యీ వ్యాసము ఉద్దేశము.

ఇనుపకమ్మిని కొంచెము వంచి విడిచినచో తిరిగి యథాస్థితికి వచ్చును. మితమైన బరువును ఏండ్ల తరబడి మోసినను, సాధారణమైన వేడిమిలో దాని వంపు చెప్పదగినంతగా పెరుగదు. కొయ్య స్వభావము వేఱు. కొయ్యదూలముపై బరువు పెట్టినపుడు కలుగు వంపు మూడు పాళ్లుగా నుండును. మొదటిది వెంటనే కలుగునది. బరువు తీసినచో వెంటనే పోవునది. రెండవది మెల్లమెల్లగా కలుగునది. బరువు తీసిన పిమ్మట మెల్లమెల్లగానే పోవునది. మూడవది మెల్లగా కలిగి, బరువు తీసినను పోక నిలిచిపోవునది. పాతయిల్లు విప్పినపుడు క్రిందికి దించిన దూలము నేలమీద పెట్టినను వంగియే యుండుట మనమెఱిగినదే. ఆ మిగిలిన వంపు మూడవ పాలు.

దీనికి కారణము కొయ్య నిర్మాణములోనే కలదు. కొయ్య యనగా సన్నని గొట్టముల కట్ట. ఆ గొట్టముల గోడలలో సెల్యులోసు పోగులు చుట్టలుగా తిరిగియుండును. లిగ్నిన్ మొదలగు పదార్థములు వానిని బంకవలె పట్టియుంచును. పోగులు గట్టివి, బంక వానివలె గట్టిది కాదు. భారము నిలిచియున్నంతకాలము ఆ బంకలోని అణువుల పట్టు ఒకచోట వీడుచు, మఱియొకచోట క్రొత్తగా కుదురుచుండును. కుదిరిన ప్రతిసారియు వంపు రవంత పెరుగును. నీరు ఈ పట్టును సడలించును. కావుననే పచ్చికొయ్యయందును, తడిసిన కొయ్యయందును వంపు అధికము. ఐరోపాదేశముల నేటి నిర్మాణసంహితలో దీనికొక లెక్క కలదు. వెచ్చగా, పొడిగానుండు గదిలోని దూలము మొదట అరయంగుళము వంగినచో, అదే బరువు నిలిచియుండగా తుదకు ముప్పాతిక యంగుళమునకు పైగా వంగునని యెంచవలెను. నిత్యము తడికి లోనగు దూలమైనచో ఆ అరయంగుళము ఒకటిన్నర యంగుళమగును. బరువు ఒక్కటే, వంపు మూడింతలు.

దూలపు కొలతలకును ఈ వంపునకును గల సంబంధము కూడ తెలిసికొనదగినది. దూలము వెడల్పు రెట్టింపు చేసినచో వంపు సగమగును. ఎత్తు రెట్టింపు చేసినచో ఎనిమిదవ వంతగును. ఇక ఆధారముల నడిమి దూరము సగమునకు తగ్గించినచో, దూలము పొడుగునను సమముగా పఱచిన బరువు క్రింద వంపు పదునాఱవ వంతగును. మొదట కలుగు వంపు తగ్గినచో, కాలక్రమమున దానికి చేరునదియు తగ్గును. ఈ సూత్రము చేతిలోనున్నచో మన పూర్వుల పనితనమును చదువుట సులభమగును.

మనదేశమున దారునిర్మాణము మిక్కిలి ప్రాచీనము. పాటలీపుత్రమునకు కొయ్యగోడ యుండెననియు, దానికి 570 బురుజులును 64 ద్వారములును కలవనియు మెగస్తనీసు చెప్పిన మాటను గ్రీకు రచయితలు నిలిపిరి. 20వ శతాబ్దిలో పాట్నావద్ద కుమ్రహార్ నందు త్రవ్వినపుడు సాలవృక్షపు మొద్దులతో కూర్చిన వేదికలు బయటపడెను. తరువాత రాయి వచ్చినను కొయ్య జ్ఞాపకము పోలేదు. సాంచిలోని రాతికంచె వడ్రంగి కూర్చిన కంచెవలెనే గూళ్లును కుసులును కలిగియున్నది. రాయిని అడ్డముగా పఱచినచో వంపు కనబడదు, గాని తన బరువుకే విఱుగవచ్చును. కొయ్య వంగును, గాని హెచ్చరించి వంగును. ఈ భేదము నెఱిగియే వాస్తుకారులు రెంటిని రెండు విధముల వాడిరి.

చెట్టును ఎన్నుకొనుటలోనే వారి జాగ్రత్త మొదలయ్యెను. వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రతిమలకై కొయ్య తెచ్చుటకు అడవి కేగు విధమును ఒక అధ్యాయముగా చెప్పెను. పిడుగు పడినవి, ఏనుగులు విఱిచినవి, ఎండిపోయినవి, శ్మశానమున మొలచినవి అగు చెట్లను వర్జింపవలెనని నియమించెను. శకునముల భాగమును ప్రక్కకు పెట్టి చూచినను, పోగులు లోపల చితికిన చెట్టును విడువవలెనను వివేకము అందులో కలదు. మలబారులోను బర్మాలోను టేకుచెట్టును నఱకుటకు రెండు మూడేండ్లు ముందుగానే మొదట చుట్టును బెరడును, దాని క్రింది తెల్లకొయ్యను వలయముగా కోసి, నిలువుననే ఎండనిచ్చు ఆచారముండెను. ఎండిన మ్రాను నదిలో తేలును, పచ్చిమ్రాను మునుగును. తేలించుటకై చేసిన యీ యేర్పాటు ఇంటికి కూడ మేలు చేసెను. తడి పోయిన కొయ్యను కప్పుకెత్తినచో అది ఆరుచు వంగు బాధ తప్పును.

తరువాతి యుపాయము స్తంభశీర్షమున కలదు. దక్షిణదేశపు శిల్పశాస్త్రములు పోతిక యని పేర్కొనునది, కంబము తలపై దూలము దిక్కున అడ్డముగా పెట్టిన కొయ్య. చూచువానికి అది అలంకారము. చిలుకలు, లతలు దానిపై చెక్కబడును. కాని అది రెండు ప్రక్కలకును చాచుకొని దూలపు ఖాళీదూరమును తగ్గించును. ఖాళీ తగ్గినచో వంపు ఎంత వేగముగా తగ్గునో పైన చూచితిమి. కేరళ మండపములలోను, నేపాలులోయలోని దేవళములలోను ఈ పోతిక రూపములు వేఱువేఱు, పని యొక్కటే.

కాశ్మీరమున ఇదే యూహను నదిపైకి తీసికొనిపోయిరి. శ్రీనగరమున వితస్తానదిపై కట్టిన పాతవంతెనల కాళ్లు దేవదారు మొద్దులను ఒక వరుస నిలువు దిక్కునకు, ఒక వరుస అడ్డదిక్కునకు మార్చి మార్చి పేర్చినవి. పైవరుసలు క్రింది వరుసలకన్న ముందుకు చొచ్చివచ్చుటచే, నడుమనుండు దూలము దాటవలసిన దూరము తగ్గును. ఇందులో లోపమును కలదు. కొయ్య పోగుదిక్కున ఎంత దృఢమో, అడ్డముగా నొక్కినపుడు అంత మెత్తన. పేర్చిన మొద్దుల దొంతర కాలక్రమమున అణగుట సహజము. కాని ఆ నగరమునందే జామామసీదు కట్టినవారు కొయ్యను మఱియొక విధముగ వాడిరి. అచట ఒక్కొక దేవదారు మ్రానును ఒక్కొక స్తంభముగా రాతిదిమ్మెపై నిలిపిరి. బరువు పోగుల వెంట నేరుగా దిగును. అట్టి కంబము దూలమువలె వంగదు, దొంతరవలె అణగదు. 15వ శతాబ్ది ఆరంభమున సుల్తాను సికందరు కట్టించిన ఆ మసీదు పలుమార్లు అగ్నిపాలై మరల లేచెను. దానిని కూల్చినది నిప్పేగాని బరువు కాదు.

కేరళదేశమున కప్పును నిటారుగా వాల్చిరి. వాన నిలువక జారిపోవును. వాసములు ఏటవాలుగా నిలిచి బరువులో కొంత భాగమును పొడుగుదిక్కున క్రిందికి పంపును. చెడిన వాసమును తక్కినవానిని కదలింపకయే మార్చవచ్చును. పూరీలో ఇంకొక మార్గము కలదు. జగన్నాథుని రథము పదియాఱు చక్రములది. బలభద్రుని రథము పదునాల్గు చక్రములది. సుభద్ర రథము పండ్రెండు చక్రములది. ఈ మూటిని ఏటేట క్రొత్తకొయ్యతో కట్టుదురు. ఇది భక్తివిధి. నిర్మాణదృష్టితో చూచినచో, అంత బరువైన కట్టడమున కాలము చొరబడుటకు అవకాశమే లేదు.

ఓడల విషయమున ఇట్టి వెసులుబాటు లేదు. కొయ్యయోడకు నడుమభాగమున నీటి ఒత్తిడి అధికము. ముందు వెనుకల కొనలు సన్ననివగుటచే అచట నీటి యాదరవు తక్కువ. ఏండ్లు గడచినకొలది కొనలు వాలి, నడుము పైకి లేచును. దూలము క్రిందికి వంగుటకు ఇది తలక్రిందైన రూపము. 19వ శతాబ్ది ఆరంభమున ఇంగ్లండులో రాబర్టు సెప్పింగ్సు ఓడకడుపులో ఏటవాలు దూలములను బిగించి ఈ జబ్బును తగ్గించెను. ఆ కాలమున బొంబాయి రేవులో పారసీకులగు వాడియావంశపు నిపుణులు మలబారు టేకుతో యుద్ధనౌకలను నిర్మించుచుండిరి. వారు 1817లో నీటికి దింపిన ట్రింకోమలీ నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ నందు నిలిచియున్నది.

పనివారు చేతులతో గ్రహించిన దీనిని కొలిచి చూపుట ఐరోపాలో ఆరంభమయ్యెను. 1638లో గెలీలియో ప్రకటించిన గ్రంథములో దూలము ఎంత బరువునకు విఱుగునను ప్రశ్నను గణితముతో చర్చించెను. పలకను పడుకోబెట్టుటకన్న నిలువుగా పెట్టినచో ఏల బలముగా నుండునో ఆయన చూపెను. కాని ఆ చర్చలో కాలము లేదు. ఒక శతాబ్దము గడచిన పిమ్మట ఫ్రాన్సుదేశమున బుఫాన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు కాలమును లెక్కలోనికి తెచ్చెను. ఆయనకు స్వంతముగా అడవులుండెను. 1740 ప్రాంతమున ఆయన చేతికఱ్ఱలవంటి ముక్కలతో తృప్తిపడక, ఇండ్లలో వాడునంత పెద్ద ఓక్ దూలములను తెప్పించి బరువులతో విఱిచి చూచెను. ఒకే కొలతగల దూలములలో కొన్నిటిని నిండుబరువుతో కొద్దిసేపటిలో విఱిచెను. కొన్నిటిపై ఆ బరువులో మూడింట రెండు వంతులు పెట్టి విడిచెను. అవి ఇంచుమించు ఆఱుమాసములకు విఱిగెను. మఱికొన్నిటిపై సగము బరువే పెట్టెను. అవి రెండేండ్లు దాటినను విఱుగలేదు, గాని స్పష్టముగ వంగెను. చాలకాలము నిలువవలసిన కట్టడమున, దూలమును విఱుచు బరువులో సగమునకు మించి పెట్టరాదని ఆయన తేల్చెను.

ఈ ప్రయోగపు గొప్పదనము దాని ఓపికలో నున్నది. విఱుగుట కొఱకు ఆఱునెలలు వేచియుండుట సామాన్యము కాదు. తరువాతి కాలమున ప్రయోగశాలలు పెరిగినను, పరీక్ష వేగమునకు లొంగినది. భారతదేశమున రైలుమార్గములు, వంతెనలు, బారకాసులు లేచినపుడు దేశపు కొయ్యల జాతులను తెలియవలసిన యవసరము కలిగెను. 1864లో బ్రాండిసు అడవుల ప్రధానాధికారి యయ్యెను. 1881లో గాంబిల్ భారతదేశపు కలపను గూర్చిన గ్రంథమును వెలువరించెను. 1906లో డెహ్రాడూనున అటవీపరిశోధనాలయము వెలసెను. అచటి యంత్రములలో టేకు, సాల, దేవదారు మొదలగు జాతుల ముడులులేని చిన్నముక్కల బలమును వరుసగా కొలిచిరి. ఆ పట్టికలు ఇప్పటికిని ఇంజనీర్లకు ఆధారములు. కాని అట్టి పరీక్ష కొన్ని నిమిషములలో ముగియును. ఇల్లు మూడు తరములు నిలువవలెను. నిమిషముల బలమును తరముల బలముగా మార్చు లెక్క వేఱుగ కావలసివచ్చెను.

అమెరికాలోని మాడిసన్ నగరపు పరిశోధనాలయము 1951లో ప్రకటించిన రేఖ ఆ లెక్కను ఇచ్చెను. దాని ప్రకారము, కొన్ని నిమిషముల పరీక్షలో కొయ్య ఎంత మోయునో, పదియేండ్లు నిలుచు బరువైనచో అందులో నూటికి అఱువది పాళ్ల ప్రాంతము మాత్రమే నమ్మవచ్చును. బుఫాన్ రెండు శతాబ్దులకు ముందు చెప్పిన సగమునకు ఇది చాల దగ్గఱ. భారతీయ ప్రమాణసంహిత కూడ ఇదే భావమును అంగీకరించినది. కలప కట్టడములకు సంబంధించిన 883వ ప్రమాణము 1994లో సవరింపబడిన రూపమున, ఎల్లకాలము నిలుచు బరువును 1 అని యుంచి, రెండు మాసముల బరువునకు 1.15, ఏడు దినముల బరువునకు 1.25, గాలికిని భూకంపమునకును 1.33, క్షణకాలపు తాకిడికి 2 చొప్పున కొయ్య బలమును హెచ్చుగ లెక్కింపనిచ్చుచున్నది. అనగా, అదే దూలము ఒక క్షణము మోయగలదానిలో సగమును మాత్రమే శాశ్వతముగా మోయునని దేశపు శాసనమే చెప్పుచున్నది.

మనకు మిక్కిలి ముఖ్యమైన సత్యము 1960లో ఆస్ట్రేలియానుండి వచ్చెను. ఆర్మ్‌స్ట్రాంగు, కింగ్‌స్టన్ అను పరిశోధకులు బరువు మోయుచున్న కొయ్యను ఒకమారు తడిపి, ఒకమారు ఆరనిచ్చి చూచిరి. ఎల్లపుడు పొడిగానున్న కొయ్యకన్న అది ఎక్కువగా వంగుట వింత కాదు. ఎల్లపుడు తడిగానున్న కొయ్యకన్న కూడ ఎక్కువగా వంగెను. తడి కాదు, తడి పొడుల మార్పే కొయ్యను అధికముగా అలయించునని తేలెను. చైత్రవైశాఖములలో పగులునంతగా ఎండి, శ్రావణభాద్రపదములలో ఉబ్బునంతగా తేమ పీల్చు మనదేశపు దూలములకు ఈ మాట ఎంతగా వర్తించునో వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రతి వర్షర్తువును వాని మీదుగా ఒక ప్రయోగము నడచిపోవుచున్నది.

ఇపుడు మన మిద్దెకు తిరిగి వత్తము. పూర్వపు మద్రాసు రాజధానిలోని తమిళ, ఆంధ్రప్రాంతములలో 19వ శతాబ్దినుండి మద్రాసు టెర్రేసు అను కప్పు వ్యాపించెను. టేకు పట్టెలను దగ్గఱదగ్గఱగా పఱచి, వానిపై సన్నని ఇటుకలను సున్నముతో అంచుపై నిలిపి, ఆపైన ఇటుకముక్కలును సున్నమును కలిపి దిమ్మిసకొట్టి, కరక్కాయనీరును బెల్లపునీరును చిలుకరించి, మీద పెంకుబిళ్లలు పఱతురు. క్రొత్తగానున్నపుడు అది నీటిని చక్కగ తూముల దిక్కునకు పంపును. పట్టెలు నడుమ క్రుంగినకొలది అచట వాననీరు నిలుచును. కప్పు కారును. ఇంటివారు మేస్త్రీని పిలుతురు. ఆయన పల్లమున సున్నమువేసి సమము చేయును. ఆ సున్నము బరువు పట్టెలమీద నిలిచిపోవును. అవి మఱికొంత వంగును. మరల నీరు నిలుచును. ఇట్లు రెండు మూడు తరములలో కప్పు దళసరి పెరిగిపోవును. వంపును సరిచేయుచున్నామని తలచినవారు వంపునే పోషించుచుందురు. గోడలో దూరిన పట్టెకొన ఆ కారుటవలననే తడిసి పుచ్చును. ఒకనాడు కప్పు కూలినపుడు నింద కొయ్యకు వచ్చును.

దీనికి ఎదురైన తప్పును కలదు. దూలము వంగినదని చూచినంతనే ఇల్లు పనికిరాదని నిర్ణయించి, నూఱేండ్ల టేకును విప్పి అమ్మి, ఆ చోట కాంక్రీటు పోయుట నేడు సర్వసాధారణమైనది. క్రుంగుట వేఱు, విఱుగుటకు సిద్ధమగుట వేఱు. కొయ్య వంపులో మూడు దశలు కలవు. మొదట త్వరగా వంగి నానాటికి నెమ్మదించును. తగిన బరువే యున్నచో ఆ నెమ్మదిలోనే తరములు గడపును. బరువు మితిమీరినచో ఆగక ఒకే తీరున వంగుచు, తుదకు వేగము పుంజుకొని విఱుగును. కావున అడుగవలసిన ప్రశ్న ఎంత వంగినదని కాదు, ఇంకను వంగుచున్నదా యని. ఈ చివరనుండి ఆ చివరకు దారము కట్టి నడిమి యెడమును కొలిచి, గోడపై వ్రాసి, వానకాలము దాటిన పిమ్మట మరల కొలిచి, ఇట్లు రెండు మూడేండ్లు చూచినచో జవాబు తెలియును. కొలత మారనిచో ఆ దూలము తన ఋణమును తీర్చుకొని నిలిచినదే. మారుచున్నచో ముందు పైనున్న అనవసరపు సున్నమును తవ్వి తీయవలెను. గోడలోని కొనలను పరీక్షింపవలెను. కావలసినచో నడుమ ఒక కంబమును నిలుపవలెను. ఖాళీదూరమును తగ్గించిన ఆ కంబము, ఒకనాటి శిల్పి పోతికతో చేసిన పనినే చేయును.

ఈ కొలతకు గొప్ప యంత్రములు అక్కఱలేదు. కావలసినది బుఫాన్ చూపినది. విఱుగునో విఱుగదో తెలియుటకు ఆఱుమాసములు వేచియుండు నోర్పు. మన దేవళములు, మసీదులు, మండువాయిండ్లు, సత్రములు ఎన్నియో ఇపుడు ఇట్టి విచారణ లేకయే కూల్చబడుచున్నవి, లేక విచారణ లేకయే బరువు పెంచబడుచున్నవి. రెండు విధములను నష్టపోవునది ఒక్క కట్టడమే కాదు. ఆ దూలపు వంపులో, ఎన్ని వానలు కురిసెనో, ఏ బరువు ఎన్నాళ్లు నిలిచెనో కొయ్య తన భాషలో వ్రాసికొనియున్నది. కార్లేలోని వాసములు బరువులేక తమ వంపును కాపాడుకొనినవి. మన యింటి దూలము బరువు మోసి తన తిన్నదనమును కోల్పోయినది. దానిని దించివేయుటకు ముందు ఒకమారు దారము పట్టి చూచుట మన విధి.